తొలి అడుగుల తపస్వి: అలెగ్జాండర్ కెల్లస్

1953వ సంవత్సరమున టెన్సింగ్ నోర్కే, ఎడ్మండ్ హిల్లరీలు ఎవరెస్టు శిఖరమును అధిరోహించిన సంగతి ఎఱుగనివారు అరుదు. అంతకు నాలుగు దశాబ్దములకు పూర్వమే, పత్రికల ఆర్భాటము లేక, సిక్కిము హిమాలయములలో మానవపాదము సోకని శిఖరములను ఒకదాని వెంట నొకటిగా ఎక్కిన రసాయనశాస్త్రోపాధ్యాయు డొకడు కలడు. అతడే అలెగ్జాండర్ కెల్లస్.

కెల్లస్ 1868లో స్కాట్లండు నందలి అబర్డీను నగరమున జన్మించెను. జర్మనీలోని హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. లండనులో సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు సర్ విలియం రామ్సే కడ సహాయకుడుగా నుండి, పిదప మిడిల్‌సెక్స్ ఆసుపత్రి వైద్యకళాశాలలో రసాయనశాస్త్రమును బోధించెను. మనవలెనే సెలవుదినములను లెక్కించుకొనవలసిన ఉద్యోగి యతడు. ఆ సెలవులనే హిమాలయములకు అంకితము చేసెను.

1907లో అతడు తొలిసారి సిక్కిమునకు వచ్చినపుడు స్విట్జర్లండు మార్గదర్శకులను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ యాత్ర ఫలింపలేదు. తరువాతి యాత్రలలో అతడు ఐరోపావారిని విడిచి, షెర్పాలను, భూటియాలను తోడుగా గైకొనెను. కొండజాతులవారు మూటలు మోయుటకే తగుదురని పలువురు తలచిన కాలమది. కెల్లస్ వారితో కలసి త్రాటిని నడుమునకు కట్టుకొని, మంచుగొడ్డలి పట్టి, శిఖరాగ్రముల వఱకు నడచెను. షెర్పాల ధైర్యమును, ఓర్పును, ఉన్నతప్రదేశములందు వారికి గల సహజశక్తిని గుర్తించి లోకమునకు చాటిన మొదటివారిలో అతడొకడు.

ఆ తోడ్పాటు వలన కలిగిన ఫలితములు అసామాన్యములు. 1909లో లాంగ్‌పో, 1910లో చోమియోమో, 1911లో పౌహున్రి, 1912లో కాంచెన్‌జావ్ శిఖరములు వారికి వశమయ్యెను. వీనిలో పౌహున్రి కథ విచిత్రమైనది. 1907లో లాంగ్‌స్టాఫ్ బృందము అధిరోహించిన 7120 మీటర్ల త్రిశూలమే అప్పటికి మానవుడు చేరిన అత్యున్నత శిఖరమని ఎల్లరును నమ్మిరి. ఆనాటి కొలతలలో పౌహున్రి అంతకంటె తక్కువగా నుండెను. తరువాతి కొలతలలో దాని ఎత్తు 7128 మీటర్లని తేలెను. అనగా 1911 మొదలు పెక్కు సంవత్సరములు ఆ ఘనత కెల్లస్‌కును, అతని వెంట శిఖర మెక్కిన ఇద్దరు షెర్పాలకును చెందినది. ఆ సంగతి తెలియకయే అతడు కన్నుమూసెను.

ఎత్తైన తావులందు ప్రాణవాయువు కొఱతను దేహమెట్లు తట్టుకొనునో అతడు శాస్త్రదృష్టితో పరిశీలించెను. 1920లో కామెట్ పర్వతముపై మోర్స్‌హెడ్‌తో కలసి ప్రాణవాయువు సిలిండర్లను పరీక్షించి, అవి మిక్కిలి బరువైనవని తేల్చెను. దృఢకాయుడు, దృఢచిత్తుడు నగు మనుష్యుడు, ఎత్తునకు చక్కగా అలవాటుపడినచో, మార్గము మఱీ దుర్గమము కానియెడల, కృత్రిమముగా ప్రాణవాయువును పీల్చకయే ఎవరెస్టును ఎక్కగలడని వ్రాసెను. 1978లో మెస్నర్, హాబెలర్ అట్లే ఎక్కి ఆ మాటను నిజము చేసిరి.

1921లో తొలి ఎవరెస్టు పరిశీలక బృందమున కెల్లస్‌కు స్థానము లభించెను. కాని అప్పటికే వరుస యాత్రలతో అతని దేహము కృశించియుండెను. టిబెట్టు మార్గమున విరేచనముల వ్యాధి సోకగా, డోలీలో మోయబడుచు, జూన్ 5వ తేదీన కాంపా జోంగ్ సమీపమున మరణించెను. అతడు ఎక్కిన పౌహున్రి, కాంచెన్‌జావ్, చోమియోమో శిఖరములు కానవచ్చు కొండవాలున సహచరులు అతనిని సమాధిచేసిరి.

ఎవరెస్టును అతడు ఎక్కలేదు. అయినను ఆ శిఖరమునకు పోవు దారిలో రెండు దీపములను వెలిగించి పోయెను: ఒకటి శాస్త్రజ్ఞానము, రెండవది షెర్పాలయందలి విశ్వాసము. 1953లో టెన్సింగ్ ఎవరెస్టుపై నిలిచిన నాడు ఆ రెండవ దీపము లోకమెల్లకు కానవచ్చెను. నేడు మన రాష్ట్రములలో నొకటియైన సిక్కిమును దర్శించువారు ఉత్తరపు మంచుకొండలను చూచినపుడు ఈ నిరాడంబరుని, అతనితో నడచిన కొండబిడ్డలను ఒక్కమాఱు తలచుకొందురు గాక.