డిసిప్లిన్ సరే, న్యాయం మాటేంటి?

కాథలిక్ మగపిల్లల బడి అనగానే మనవాళ్లు రిజల్టు కంటే ముందు డిసిప్లిన్ గురించి చెబుతారు. దాని వెనక చరిత్ర ఉంది. జెస్యూట్ గురువులు 1548లో సిసిలీలోని మెస్సీనాలో బడి పెట్టారు. 1599లో తమ బడులన్నిటికీ ఒకే బోధనా నియమావళి రాసుకున్నారు. చదువు, భక్తి, నడత కలిసే సాగాలన్నారు. వేళకు పని చెయ్యడం, రోజు చివర తన నడతను తానే తరచి చూసుకోవడం ఆ శిక్షణలో భాగాలు.

నడత బాగున్నవాడు న్యాయం వైపు నిలబడతాడా? 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో జెస్యూట్ల అధిపతి పెడ్రో అర్రుపే పూర్వ విద్యార్థుల ముందే ఈ ప్రశ్న లేవనెత్తాడు. మిమ్మల్ని న్యాయం కోసం తయారుచేశామా అని అడిగి, లేదని తనే ఒప్పుకున్నాడు. ఇకపై ఇతరుల కోసం బతికే మనుషుల్ని తయారుచెయ్యాలన్నాడు. 1974-75లో జరిగిన జెస్యూట్ల మహాసభ విశ్వాసాన్నీ న్యాయాన్నీ ముడివేసింది.

మన దగ్గర న్యాయం అనగానే ముందు కులం సంగతి తేల్చాలి. తెలుగు కాథలిక్కుల్లో రెడ్లు, కమ్మలు, మాలలు, మాదిగలు ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా దక్కలేదు. చర్చిలోనూ వివక్ష ఉందని భారత కాథలిక్ బిషప్పులే 2016లో తమ దళిత విధాన పత్రంలో ఒప్పుకున్నారు. ఇలాంటి చోట అన్ని కులాల పిల్లల్ని ఒకే బెంచీ మీద కూచోబెట్టడం, ఒకే బంతిలో అన్నం పెట్టడం చిన్న పనేం కాదు. కానీ హాస్టల్లో కలిసి తిన్న పెద్దకులం కుర్రాడు సెలవుల్లో ఊరికెళ్లి మాదిగవాడలో మంచినీళ్లు తాగుతాడా? బడి నేర్పిన శీలం అక్కడ తేలుతుంది. రిజల్టు నోటీసు బోర్డు మీద కనబడుతుంది. ఇది మాత్రం ఆ బడుల్లో చదివిన మన పిల్లల నోటనే వినాలి. ఆ చరిత్ర మనమే రాసుకోవాలి.