కొండ వెంకటప్పయ్య: భక్తుడా, వకీలా?

కొండ వెంకటప్పయ్య గురించి మన పుస్తకాలు రెండే మాటలు చెబుతాయి: ఆంధ్రోద్యమానికి ఆద్యులు, గాంధీ మాట జవదాటనివారు. మొదటిదానికి అభ్యంతరం లేదు. రెండోదే ఆయన్ని పలచన చేసింది.

1866లో గుంటూరులో పుట్టి, మద్రాసులో చదివి, బందరులో ప్లీడరీ పెట్టేదాకా ఆయన కథ ఆ తరం విద్యావంతుల కథే. 1902లో దాసు నారాయణరావుతో కలిసి కృష్ణాపత్రిక ప్రారంభించారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక మకాం అక్కడికి మారింది. 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ, 1917 నెల్లూరు సభ, 1918లో ఆంధ్రకు వేరుగా వచ్చిన కాంగ్రెస్ సంఘం... ఈ వరస అందరికీ తెలిసిందే.

పేచీ అంతా పెదనందిపాడు దగ్గర. 1921 చివర గుంటూరు జిల్లాలోని ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమన్నారు. గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను నడిపారు. సర్కారు రూథర్‌ఫర్డు అనే అధికారిని పంపింది, సైన్యాన్ని దింపింది. చివరికి ఉద్యమం విరమించారు. చౌరీచౌరా హింస వల్ల అది ఆగిందని కొందరు, గాంధీ ఆజ్ఞకు వెంకటప్పయ్య తలవంచారని కొందరు రాస్తారు. మొదటి మాటకు తేదీలు అడ్డొస్తాయి. గాంధీ తన సందేహాలు చెబుతూ వెంకటప్పయ్యకు రాసిన ఉత్తరం 1922 జనవరిది. చౌరీచౌరా ఫిబ్రవరిలో జరిగింది. పోనీ, ఆ ఉత్తరమైనా ఆజ్ఞ కాదు. 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెస్ పెట్టిన ఖద్దరు, అస్పృశ్యతా నివారణ వంటి షరతులు నెరవేరని చోట శిస్తు కట్టెయ్యడం మేలన్న సలహా. నెరవేరాయా లేదా అన్నది తేల్చవలసింది జిల్లా నాయకులే. ఊళ్లో శాంతి నిలబెట్టడం ఒకటి, ఊరి బావి అందరికీ తెరవడం ఇంకొకటి. మొదటిది రైతులు సాధించి చూపారు. రెండోది కొన్ని వారాల్లో తేలే పని కాదు.

ఇంకొకటి కూడా వెంకటప్పయ్య మనసులో ఉండి ఉంటుందని నా ఊహ. 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం ప్రకారం శిస్తు బాకీకి భూమిని వేలం వెయ్యవచ్చు. వకీలుగా బతికిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఉద్యమం దెబ్బతింటే నాయకులు జైలుకు పోయి తిరిగొస్తారు. రైతుకు పోయిన చెక్క తిరిగిరాదు.

అలాగని ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. షరతులు ముందే తూచి చూడవలసింది. రైతుల్ని బరిలోకి దిగనిచ్చి, సైన్యం వచ్చాక తూచారు. ఆ విరమణ మిగిల్చిన చేదులో ఆయన వాటా ఉంది.

1949లో ఆయన పోయారు. ఆంధ్ర రాష్ట్రం 1953లో వచ్చింది. రైతు భూమి పణంగా ఉండటం మాత్రం అంతటితో ఆగలేదు. 2015లో కృష్ణ ఒడ్డున కొత్త రాజధాని కోసం రైతులు 33,000 ఎకరాలకు పైగా అప్పగించారు. 2019లో ప్రభుత్వం మారగానే మూడు రాజధానులన్నారు. మాట ఇచ్చినవారూ తప్పినవారూ రాజకీయాల్లో బాగానే ఉన్నారు. రోడ్డున కూర్చున్నది రైతులే. ఇది చూశాక, ఎవరి భూమి పణంగా ఉందో లెక్క చూసి వెనక్కి తగ్గిన మనిషిని పిరికివాడనడం నాకు సమ్మతం కాదు. ఆ లెక్క ఆలస్యంగా చూశారనడం మాత్రం న్యాయమే.