శిలారోహకుల బలమున దినవేళా భేదము

శిలారోహకుల బలమున దినవేళా భేదమనగా, కొండరాళ్ల నెక్కువారి పిడిపట్టును కండరశక్తియు ఒకే దినమున వేళనుబట్టి హెచ్చుతగ్గులగుట. దేహాంతరోష్ణము తెల్లవారుజామున కనిష్ఠమై సాయంకాలమునకు గరిష్ఠమగుచుండుటచే, కండరముల సంకోచవేగము దాని ననుసరించి పెరిగి, పిడిబలము సాధారణముగా 16–20 గంటల నడుమ ఉదయముకంటె సుమారు 5 నుండి 10 శాతము అధికముగా నుండును. దేహోష్ణముయొక్క ఈ దినచక్రమును నడుపు జీవగడియారపు జన్యువ్యవస్థను వివరించిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించెను. అయినను బలమొక్కటియే చాలదు. హైదరాబాదు పరిసరములందు, సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు గుండ్లు వేసవి సాయంత్రములందును పగటివేడిని విడువవు. చెమటచే వ్రేళ్లు జారును. కావున, వింతగా తోచినను, కండరములు మందముగా నుండు ప్రాతఃకాలమే ఇచ్చటి శిలకు అనుకూలము. నిత్యము ఉదయముననే సాధన చేయువారియందు ఈ భేదము కొంత తగ్గును.