ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పాడైందా? డబ్బు వాపసు రాబట్టుకునే దారి ఇదీ

కొల్లేటికోట లాంటి లంక గ్రామంలో ఇప్పుడు మిక్సీ నుంచి మొబైల్ దాకా ఫోన్‌లోనే ఆర్డర్ పెడుతున్నారు. వస్తువు బాగుంటే సరే. పాడైనది వస్తే మాత్రం గొడవ మొదలవుతుంది. పక్క వీధి దుకాణమైతే తీసుకెళ్లి బల్ల మీద పెట్టి అడగొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మినవాడు ఢిల్లీలో ఉంటాడో, సూరత్‌లో ఉంటాడో తెలియదు. రెండు మూడుసార్లు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, విసిగిపోయి, "పోతే పోయిందిలే" అని వదిలేసే కుటుంబాలే ఎక్కువ. అలా వదిలేయాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అదే నెలలో ఆన్‌లైన్ అమ్మకాల కోసం ప్రత్యేకంగా ఈ-కామర్స్ నిబంధనలూ వచ్చాయి. ఈ రెండూ కొన్నవారి పక్షానే ఉన్నాయి.

పార్సిల్ విప్పేటప్పుడే జాగ్రత్త

రీఫండ్ గొడవల్లో గెలుపోటములు చాలావరకు పార్సిల్ విప్పిన ఆ ఐదు నిమిషాల్లోనే తేలిపోతాయి. పెట్టె మీది అడ్రస్ చీటీ కనిపించేలా మొదలుపెట్టి, సీలు కోయడం, వస్తువు బయటికి తీయడం, స్విచ్ వేసి చూడడం వరకు ఒకే వీడియోగా తీయాలి. మధ్యలో ఆపకూడదు. ఖరీదైన వస్తువైతే, యాప్‌లో ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్నచోట, డెలివరీ బాయ్ ముందే విప్పి చూసుకున్నాకే ఓటీపీ చెప్పాలి.

బిల్లు, వారంటీ కార్డు, డబ్బు కట్టిన రసీదు, వస్తువు గురించి యాప్‌లో రాసిన వివరాల స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. ఆ పేజీని తర్వాత మార్చేసినా, తీసేసినా స్క్రీన్‌షాట్ మన దగ్గర ఉంటుంది. గొడవ తేలేదాకా అట్టపెట్టెను పారేయొద్దు.

ముందు కంపెనీకే ఫిర్యాదు

యాప్‌లో రిటర్న్ పెట్టడం మొదటి మెట్టు. ఫోన్‌లో మాట్లాడితే సరిపోదు, ప్రతి మాటా రాతలో ఉండాలి. చాట్ చేసినా, మెయిల్ పంపినా ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోవాలి. నంబరు ఇచ్చి, ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూసుకునే వీలు కల్పించడం యాప్ నడిపే సంస్థ బాధ్యత. ఫిర్యాదులో నాలుగు విషయాలు చాలు: ఆర్డర్ నంబరు, వస్తువు అందిన తేదీ, లోపం ఏమిటి, ఏం కావాలి. మార్చి ఇవ్వాలా, డబ్బు వాపసు ఇవ్వాలా అన్నది స్పష్టంగా రాయాలి.

అక్కడ పని జరగకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఈ అధికారి పేరు, ఫోన్, మెయిల్ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని ఆ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

"అది అమ్మినవాళ్ల తప్పండీ, మాకు సంబంధం లేదు" అని యాప్ వాళ్లు తప్పించుకోబోతే, అమ్మిన సంస్థ పేరు, అడ్రస్, కస్టమర్ కేర్ నంబరు అడగాలి. అవి చూపించడం యాప్ నడిపేవారి బాధ్యత.

"రిటర్న్ గడువు అయిపోయింది" అంటే?

ఏడు రోజులు, పది రోజులు అనేవి కంపెనీ తనకు తాను పెట్టుకున్న గడువులు. నచ్చలేదనో, సైజు కుదరలేదనో తిప్పి పంపాలంటే ఆ గడువే లెక్క. లోపం ఉన్న వస్తువు సంగతి వేరు. పాడైన వస్తువు, నకిలీ వస్తువు, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువు వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే ఆలస్యం చేసేకొద్దీ "వాడి పాడుచేశారు" అనే మాట వస్తుంది. లోపం కనిపించిన రోజే రాసి పంపడం మేలు.

చెప్పిన తేదీకి రాని వస్తువుకూ ఇదే రక్షణ ఉంది. రంజాన్‌లో పిల్లలకు ఆర్డర్ పెట్టిన బట్టలు ఈద్ అయిపోయాక వస్తే ఇంట్లో ఎవరికీ ఉపయోగం లేదు. వరదలు, తుపాను లాంటి చేతిలో లేని కారణం ఉంటే తప్ప, చెప్పిన తేదీ దాటి తెచ్చిన వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అందుకే ఆర్డర్ పెట్టిన రోజు చూపించిన డెలివరీ తేదీనీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

గల్ఫ్ నుంచి కొడుకు పంపితే అమ్మీ అడగొచ్చా?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న కొడుకు తన ఫోన్ నుంచి డబ్బు కట్టి, ఇంటి అడ్రస్‌కు ఫ్రిజ్ పంపుతాడు. అది పనిచేయదు. బిల్లు కొడుకు పేరు మీద ఉంటుంది, వాడేది అమ్మీ. కొన్నవారి అంగీకారంతో వస్తువు వాడేవారూ చట్టం దృష్టిలో వినియోగదారులే. కాబట్టి అమ్మీ పేరు మీదే ఫిర్యాదు వేయొచ్చు. కొడుకు నుంచి బిల్లు, డబ్బు కట్టిన రసీదు తెప్పించుకుని జత చేయాలి. రీఫండ్ మాత్రం మామూలుగా డబ్బు కట్టిన కార్డుకో, ఖాతాకో పోతుంది. ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకుంటే మంచిది.

చేపల చెరువుకు కొన్న ఏరేటర్ సంగతి

కొల్లేరు చుట్టుపక్కల చెరువులకు ఏరేటర్ మోటార్లు, పంపులు కూడా ఆన్‌లైన్‌లో కొంటున్నారు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టంలో ఉంది. దీన్ని పట్టుకుని కంపెనీలు కేసు కొట్టేయమని అడుగుతాయి. కానీ స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం మాత్రమే కొని, తానే వాడుకునే వ్యక్తికి మినహాయింపు ఉంది. సొంతంగా చిన్న చెరువు చేసుకునే రైతు, ఇంట్లో కుట్టుమిషన్ మీద బతికే ఆపా ఈ మినహాయింపు కిందికి వస్తారు. "ఇదే నా జీవనాధారం, నేనే వాడుకుంటున్నాను" అని ఫిర్యాదులో తప్పకుండా రాయాలి.

1915కు ఫోన్

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఫిర్యాదును వాళ్లు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చిన్న మొత్తాల గొడవలు ఇక్కడే తేలిపోయే అవకాశం ఉంది. అయితే హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. కంపెనీ ఒప్పుకోకపోతే తర్వాతి మెట్టు కమిషన్.

జిల్లా కమిషన్‌లో కేసు

వస్తువుకు కట్టిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. ధర 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, సొంతంగా వాదించుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద సౌకర్యం ఏమిటంటే, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, కొన్నవారు నివసించే చోటే కేసు వేయొచ్చు. బెంగళూరు పోనక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలో కలిసింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. అందుకే కాగితాలు సిద్ధం చేసేముందు తమ మండలం ఏ కమిషన్ పరిధిలో ఉందో కనుక్కోవాలి. ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు దాఖలు చేయొచ్చు. వీడియో ద్వారా విచారణ కోరే వీలునూ చట్టం ఇచ్చింది.

జత చేయాల్సినవి: జరిగింది తేదీల వారీగా రాసిన ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, ఫోటోలు, వీడియో, కంపెనీతో జరిగిన రాతకోతలు. కేసుకు ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపితే, ముందే అడిగామన్న సాక్ష్యం ఉంటుంది.

ధర వాపసు, దాని మీద వడ్డీ, వస్తువు మార్పిడి, నష్టపరిహారం, కేసు ఖర్చులు అడగొచ్చు. ల్యాబ్ పరీక్ష అవసరం లేని కేసును ఎదుటివారికి నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు, ఓపిక ఉండాలి. తీర్పును అమలు చేయని కంపెనీ బాధ్యులకు జైలు శిక్షో, 25 వేల నుంచి లక్ష రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చు.

ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. దానికి 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. తప్పనిసరి నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లను తమ వేదికల మీద అమ్మనిచ్చారన్నది కారణం. కొన్నవారందరికీ కబురు పెట్టి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, ధర తిరిగి ఇవ్వాలనీ ఆదేశించింది. ఆ రెండు కంపెనీలూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఏదేమైనా, "మేం వేదిక మాత్రమే" అనే మాటతో పని జరగదని ఆ ఆదేశాలు చెప్పాయి.

రీఫండ్ పేరుతో మోసం

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేయొద్దు. అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి. యాప్‌లో ఉన్న నంబరే వాడాలి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, ఫోన్ తెర వాళ్లకు కనిపించే యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోన్ పెట్టేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

రెండు వేల మిక్సీ అయినా అది కష్టపడి సంపాదించిన డబ్బే. ఇంట్లో ఫోన్ బాగా వాడడం తెలిసిన పిల్లలు ఒక సాయంత్రం కూర్చుని పెద్దవాళ్ల తరఫున ఈ ఫిర్యాదు రాసిపెడితే, ఆ డబ్బు తిరిగి ఇంటికొచ్చే దారి తెరుచుకుంటుంది.