థాలమస్ స్ట్రోక్ – చేతి కండరాల ప్రతీకార చర్యలు

థాలమస్ మెదడు నడుమ, ఇరుపక్కలా ఒక్కొక్కటిగా ఉండే నాడీకణాల ముద్ద. శరీరంలో ఒక పక్కనుంచి వచ్చే స్పర్శజ్ఞానం ఎదుటి పక్క థాలమస్‌కు చేరి, అక్కడినుంచి మస్తిష్క వల్కలానికి వెళ్తుంది. ఆ భాగానికి రక్తం అందించే సన్నని ధమని మూసుకుపోతే ఒక పక్క ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారతాయి. బలం మాత్రం చాలావరకు నిలిచే ఉండవచ్చు. ఇటువంటి స్ట్రోక్‌ను 1965లో మిల్లర్ ఫిషర్ విడిగా వర్ణించాడు.

ఇలాంటి స్ట్రోక్ ప్రతీకార చర్యలను ఎలా మారుస్తుందో తెలియాలంటే వాటి చరిత్ర చూడాలి. ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ కాలం నుంచి రెండు వందల ఏళ్లకు పైగా అసంకల్పిత ప్రతీకార చర్యల గురించి చర్చ సాగింది. మోకాలి ప్రతీకార చర్యను 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ వేర్వేరుగా ప్రకటించారు. మరోవైపు, థాలమస్ దెబ్బతిన్నవారిలో స్పర్శలోపాన్నీ, తీవ్రమైన నొప్పినీ 1906లో ఫ్రాన్స్‌లో డెజెరీన్, రూసీ వివరించారు. కండరాన్ని సాగదీస్తే అది తనంతట తాను బిగుసుకుంటుందని 1924లో లిడెల్, షెరింగ్టన్ చూపారు. ఆ చర్యకు వెన్నుపామే చాలన్నది అప్పటి అభిప్రాయం.

ఆ అభిప్రాయం 1950లలో కదిలింది. మోచేతిని హఠాత్తుగా లాగితే కండరం రెండుసార్లు స్పందిస్తుందని బ్రిటన్‌లో హామండ్ గమనించాడు. రెండోది, అంటే ఆలస్య స్పందన, సుమారు 50 మిల్లీసెకన్లకు వస్తుంది. వెన్నుపాము చర్యకు అది ఆలస్యం, సంకల్పిత చర్యకు మరీ తొందర. పైగా ‘ఎదిరించు’, ‘వదిలెయ్యి’ అని ముందే చెప్పే మాటను బట్టి అది పెరిగేది, తగ్గేది. ఈ చర్య వల్కలం మీదుగా సాగవచ్చని 1969లో అచ్చయిన ఉపన్యాసంలో ఫిలిప్స్ సూచించాడు. లండన్‌లో మార్స్‌డెన్, మెర్టన్, మోర్టన్ బొటనవేలిని వంచే పొడవాటి కండరం మీద చేసిన ప్రయోగాలు ఈ చరిత్రలో అన్నిటికన్నా సొగసైనవి. ఆ కండరం ఉండేది ముంజేతిలో. అయినా బొటనవేలికి మత్తు ఇస్తే దాని స్పందన పడిపోయిందని 1971లో వారు చూపారు. వెన్నుపాములో స్పర్శమార్గం చెడిన రోగుల్లోనూ ఆలస్య స్పందన లోపించింది. 1977లో వల్కలం, దాని కింది మార్గాలు దెబ్బతిన్నవారిని పరీక్షించారు.

తరువాతి దశాబ్దాల్లో స్కానింగ్ వల్ల గాయం ఎక్కడుందో తెలియడంతో థాలమస్ రోగుల మీదికి దృష్టి మళ్లింది. ఈ రోగుల్లో మణికట్టు వద్ద నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే బొటనవేలి మొదట్లోని కండరంలో వెన్నుపాము స్పందన యథాప్రకారం వస్తుంది. ఆలస్య స్పందన తగ్గవచ్చు, ఒక్కోసారి పూర్తిగా లోపిస్తుంది. థాలమస్‌లో స్పర్శను అందుకునే కేంద్రకం తప్పించుకుంటే అది నిలిచే అవకాశం ఎక్కువ.