రాజు రాయించిన వంశావళి

వంశావళి అనగానే మనకు స్ఫురించేవి కావ్యావతారికలు. కృతిపతి ముత్తాత మొదలుకొని ప్రతి పురుషుడూ దానకర్ణుడే, ప్రతి ఇల్లాలూ అరుంధతే. ఆ పద్యాలు చెప్పించుకున్నది వంశీకులు, చెప్పినది వారి మేలు కోరిన కవి. అందువల్ల అక్కడ అప్పులపాలైనవాడు గానీ, పురిటిలోనే పోయిన బిడ్డ గానీ కనిపించరు. తూర్పు ఐరోపా యూదుల సంతతివారు నేడు తమ పూర్వులను వెదుక్కుంటున్న గ్రంథాలు దీనికి సరిగా ఎదురు కొసన ఉంటాయి. అవి ప్రభువులు రాయించినవి. పన్నులు విధించడానికి, కుర్రవాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోవడానికి, ఎవరు ఎక్కడ ఉండవచ్చునో ఎక్కడ ఉండరాదో తేల్చడానికి గుమాస్తాలు నింపిన జనగణన పట్టికలు, జనన వివాహ మరణాల చిట్టాలు. వాటిలో ఉన్నవారి మీద ప్రేమతో రాసిన పంక్తి అరుదు. అయినా దర్జీల, బండివాళ్ళ, చిల్లర వర్తకుల జ్ఞాపకం మిగిలింది ఎక్కువగా అక్కడే.

ఈ అన్వేషణ వర్తమానం నుంచి గతంలోకి ఒక్కొక్క మెట్టే దిగుతూ సాగుతుంది. ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. న్యూయార్కులో ఒక మనవరాలికి తన ముత్తాత పేరు లూయీ అనీ, కుట్టుపని చేసేవాడనీ, "రష్యా" నుంచి వచ్చాడనీ మాత్రమే తెలుసు. ఆమె మొదట తెరిచేది అమెరికా జనగణన. అక్కడ వ్యక్తుల వివరాలు డెబ్బై రెండేళ్ళు గోప్యంగా ఉంచి తరువాత బయటపెడతారు. 1950 నాటి పట్టికలు 2022 ఏప్రిల్లో వెలువడ్డాయి. పదేళ్ళకొకసారి జరిగే ఆ జనగణన మతం అడగదు. కానీ 1910లోనూ 1920లోనూ మాతృభాష అడిగారు. "యిడ్డిష్" అన్న ఒక్క మాట చాలు, మిగిలినది తెలిసిపోతుంది. 1900, 1910 పట్టికలలో స్త్రీలను మరొక ప్రశ్న కూడా అడిగారు: ఎందరు బిడ్డలను కన్నారు, వారిలో ఎందరు బతికి ఉన్నారు? ఎనిమిది, ఐదు అని పక్కపక్కన రెండు అంకెలు ఉన్నాయనుకోండి. ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పని ముగ్గురు పసివాళ్ళు ఆ రెండు అంకెల నడుమ ఉన్నారన్నమాట.

తరువాతి మెట్టు ఓడ. 1892లో తెరిచిన ఎల్లిస్ ద్వీపంలో అధికారులు తమ పూర్వుల పేర్లు మార్చివేశారన్న కథ అమెరికా యూదుల ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. అక్కడి అధికారుల చేతిలో ఉన్నవి ఓడ కంపెనీలు బయలుదేరిన రేవులోనే తయారుచేసిన ప్రయాణికుల జాబితాలు. వారి పని ఆ జాబితాతో మనిషిని సరిచూడడం, కొత్త పేరు పెట్టడం కాదు. పేర్లు మార్చుకున్నది ఎక్కువగా ఆ వచ్చినవారే. బడిలో, పనిలో, పౌరసత్వపు దరఖాస్తులో, పలకడానికి వీలుగా ఉండాలనో, పరాయివారిగా కనబడకూడదనో మార్చుకున్నారు. అధికారి మార్చాడని చెప్పుకోవడం పిల్లలకు సులువుగా ఉండి ఉంటుంది. ఏదైతేనేం, ఆ జాబితాలో లూయీ అసలు పేరు "లేబ్" అని తేలుతుంది. 1907 నాటికి ఆ జాబితాలలో పుట్టిన ఊరితో పాటు, స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు కూడా రాసేవారు. ఆ బంధువు ఊరే తరువాతి మెట్టు. ఆ ఊరు నాటి రష్యన్ చక్రవర్తి ఏలుబడిలో ఉన్న పోలండులోనిది అనుకుందాం.

నాకు అన్నింటికంటె ఆసక్తి కలిగించేవి ఈ పోలండు చిట్టాలే. నెపోలియన్ స్థాపించిన వార్సా డచీలో 1808లో ఫ్రెంచి పౌరస్మృతి అమలులోకి వచ్చింది. దానితో మతభేదం లేకుండా అందరి జనన మరణాలూ నమోదు కావలసి వచ్చింది. అయితే రాయడానికి ఊళ్ళో చదువుకున్న గుమాస్తా ఎవరు? చాలాచోట్ల కాథలిక్ మతగురువే. అందువల్ల 1825 వరకు యూదు శిశువు జననం కూడా ఆయన పుస్తకంలోకే ఎక్కింది. 1826 నుంచి యూదులకు వేరు పుస్తకాలు ఏర్పడ్డాయి. ఈ నమోదులు గళ్ళ పట్టికలు కావు, చిన్న కథనాలు. ఫలానా ఊరిలో, ఫలానా రోజు ఉదయం పది గంటలకు, ముప్పై ఏళ్ళ దర్జీ ఒకడు ఇద్దరు సాక్షులతో హాజరై, ఒక శిశువును మాకు చూపి, ఈ బిడ్డ తన భార్యకు ఫలానా నాడు పుట్టినదని చెప్పెను అని సాగుతుంది ఆ వాక్యం. భార్య పుట్టింటి పేరు, ఆమె వయస్సు, సాక్షుల వృత్తులు అన్నీ అందులోనే. ఆ దర్జీ మతాన్ని "స్తారోజాకొన్నె" అని రాసేవారు, అంటే పాత నిబంధనవాడని. 1868 నుంచి భాష మారి అంతా రష్యన్. ఆ లిపిలో హకారానికి అక్షరం లేదు గనుక హెర్ష్ కాస్తా గెర్ష్ అయ్యాడు. హీబ్రూలో పెట్టిన పేరు, యిడ్డిష్‌లో పలికి, పోలిష్ వర్ణక్రమంలో ఒకలా, రష్యన్‌లో ఒకలా, చివరకు ఇంగ్లీషులో మరొకలా మిగిలింది. ఈ చిక్కు విప్పడానికే 1985లో రాండీ డేచ్, గారీ మొకొటాఫ్ అనేవారు, అక్షరాలను కాక ధ్వనులను అంకెలుగా మార్చి వెదికే పద్ధతిని ఈ పేర్లకు తగినట్టుగా రూపొందించారు.

పేర్ల సంగతి ఇంకొంత చెప్పాలి. పురుషులకు తరచుగా రెండు పేర్లు జంటగా ఉండేవి, ప్రార్థనలో పిలిచే హీబ్రూ పేరొకటి, ఇంట్లో పిలిచే యిడ్డిష్ పేరొకటి. బైబిలులో యాకోబు తన కొడుకు యూదాను సింహంతో పోల్చాడు గనుక యూదాకు జంట లేబ్, అంటే సింహం. నఫ్తాలిని లేడితో పోల్చాడు గనుక నఫ్తాలికి జంట హిర్ష్. ఈ సంగతి తెలియకపోతే ఒక పత్రంలోని యూదా, మరొక పత్రంలోని లేబ్, న్యూయార్కులోని లూయీ ముగ్గురు మనుషులనిపిస్తారు. ఇక అష్కెనాజీ యూదులు బతికి ఉన్నవారి పేరు బిడ్డకు పెట్టరు. కనుక ఒకే తరంలో దాయాదుల ఇళ్ళలో నలుగురు లేబ్‌లు వరుసగా పుట్టడం మొదలైతే, వారి తాత లేబ్ ఆ మొదటివాడికి ముందే పోయి ఉంటాడని ఊహించవచ్చు. మరణ నమోదు దొరకకపోయినా మనవడి జనన నమోదు తాత మరణం గురించి సాక్ష్యం చెబుతుంది.

అయితే ఈ చిట్టాలు నిజమే చెబుతాయా? తరచుగా చెప్పవు. కానీ ఆ అబద్ధాలకు కారణాలున్నాయి, ఆ కారణాలే అసలు చరిత్ర. ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియాలో యూదుల వివాహానికి ప్రభుత్వ అనుమతి కావాలి, రుసుము కట్టాలి, కొంతకాలం జర్మన్ మతబోధ పుస్తకంలో పరీక్ష కూడా నెగ్గాలి. పేదలు రబ్బీ చేత పెళ్ళి చేయించుకుని ఊరుకున్నారు. ధర్మబద్ధమైన ఆ దాంపత్యం చట్టానికి కనబడలేదు. పిల్లలు అక్రమ సంతానంగా, తల్లి ఇంటిపేరుతో నమోదయ్యారు. బొహీమియా, మొరావియాలలో 1726 నాటి శాసనం యూదు కుటుంబాల సంఖ్యను 8,541, 5,106 అని బిగించి, ఇంటికి ఒక్క కొడుకుకే పెళ్ళి చేసుకునే హక్కు మిగిల్చింది. అది 1848 తరువాతే తొలగింది. రష్యాలో 1827 నుంచి యూదులను సైన్యంలోకి తీసుకున్నారు. పన్నెండేళ్ళ బాలురను కూడా తీసుకుపోయి, పద్దెనిమిదేళ్ళు నిండాక మొదలయ్యే పాతికేళ్ళ కొలువుకు సిద్ధం చేశారు. అటువంటి రాజ్యంలో తల్లిదండ్రులు కొడుకు వయస్సు మార్చి చెప్పినా, అసలే చెప్పకపోయినా, వారిని తప్పు పట్టగలమా? మూడు పత్రాలలో ఒకే మనిషికి మూడు వయస్సులు కనిపించినప్పుడు, ఏది నిజమన్న ప్రశ్న కంటే ఎవరికి భయపడి అలా చెప్పారన్న ప్రశ్న ఎక్కువ దూరం తీసుకుపోతుంది.

ఇలా దిగుతూ పోతే ఒకచోట మెట్లు ఆగిపోతాయి. తరతరాల ఇంటిపేరు తూర్పు ఐరోపా యూదులలో చాలామందికి పాత ఆచారం కాదు. ఫలానావాని కొడుకు ఫలానా అని చెప్పుకునేవారు. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1787 జూలై 23న ఆజ్ఞాపించి ఆస్ట్రియాలోని యూదులందరూ ఇంటిపేర్లు పెట్టుకోవాలన్నాడు. ప్రష్యాలో 1812లోనూ, రష్యన్ పోలండులో 1821లోనూ అటువంటి శాసనాలే వచ్చాయి. మన ఇంటిపేర్లవలె వాటిలోనూ చాలా ఊరిపేర్లే, వృత్తిపేర్లే. కానీ మనవి వాడుకలో స్థిరపడినవి, వారివి గడువులోగా నమోదు చేయించుకున్నవి. ఇంటిపేరు లేని కాలంలోకి వెళ్ళడానికి కొందరికి సమాధిరాళ్ళు, రబ్బీల వంశావళులు ఉంటాయి. దర్జీ లేబ్ మనవరాలికి బహుశా దారి అక్కడితో సరి.

ఇక ఇరవయ్యవ శతాబ్దంలో ఈ చిట్టాల మరొక ముఖం చూడాలి. 1939 మే 17న జర్మనీలో జరిగిన జనగణనలో ఒక అదనపు పత్రం జోడించారు. తాతలూ నాయనమ్మలూ అమ్మమ్మలూ నలుగురిలో ఎవరెవరు యూదులో అందులో ప్రతివారూ రాసి, కవరులో పెట్టి అతికించి ఇవ్వాలి. వంశం వెదికేవాడు ఆప్యాయంగా అడిగే ప్రశ్ననే అక్కడ హంతక రాజ్యం అడిగింది. 1938 నాటి ఆజ్ఞ ప్రకారం, యూదులని తెలియజెప్పే పేరు లేని పురుషులు "ఇస్రయేల్" అనీ, స్త్రీలు "సారా" అనీ అదనపు పేరు చేర్చుకోవలసి వచ్చింది. ఏనాడో పుట్టినప్పుడు రాసిన జనన నమోదు మార్జినులో కూడా దానిని ఎక్కించారు. యుద్ధానంతరం ఆ చేర్పు చెల్లదని మరొక మాట రాశారు. కొన్ని పుటలలో ఆ రెండు రాతలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. రెండవది రాసే నాటికి ఆ పేరు గల మనిషి ఎక్కడ ఉన్నదీ పుట చెప్పదు.

నెదర్లాండ్స్‌లో జనాభా చిట్టాలు ఎంతో క్రమబద్ధంగా ఉండేవి. అక్కడి సుమారు 1,40,000 మంది యూదులలో లక్ష మందికి పైగా హతులయ్యారు. కారణాలు అనేకం, ఆ చిట్టాలు వాటిలో ఒకటి. 1943 మార్చి 27 రాత్రి కొందరు కళాకారులు, విద్యార్థులు పోలీసు దుస్తులలో ఆంస్టర్డాం జనాభా నమోదు కార్యాలయంలో ప్రవేశించి, కార్డులను కుప్పపోసి నిప్పుపెట్టారు. కాలిపోయినవి కొంత భాగమే. చిత్రకారుడు, రచయిత విల్లెం అరోందేయస్‌ను, ఆయన సహచరులు పలువురిని ఆ జూలైలో కాల్చి చంపారు. పాత కాగితం కనబడితే కళ్ళకద్దుకునే మనవంటివారికి ఇది కొరుకుడుపడని సంగతి. చిట్టా కాలడం చరిత్రకారుడికి నష్టం, అందులో పేరున్నవాడికి ప్రాణం.

అందుకే, మిగిలిన ఈ పుస్తకాల మీద నేడు జరుగుతున్న పనికి నేనొక ప్రత్యేకత చూస్తున్నాను. 1995 నుంచి పోలండు యూదు నమోదులను సూచీకరిస్తున్న ఉద్యమంలో ప్రపంచం నలుమూలల స్వచ్ఛంద కార్యకర్తలు పుట పుటా చదివి పేర్లను ఎత్తిరాస్తున్నారు. యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ 1950ల నుంచి హతుల బంధుమిత్రుల చేత సాక్ష్యపత్రాలు నింపించి, ఆ పేర్లను 2004లో అంతర్జాలంలో ఉంచింది. ఆ పత్రంలోనూ తల్లిపేరు, తండ్రిపేరు, ఊరు, వృత్తి, అవే గడులు. కానీ నింపింది శాసనానికి భయపడి కాదు, మనిషి గుర్తున్నందుకు. ఇన్ని శతాబ్దాల తరువాత మేలు కోరినవారు రాసిన చిట్టా ఇది.

ఆ పోలిష్ నమోదుల చివర తరచుగా ఒక వాక్యం ఉంటుంది: తండ్రికి రాయడం రాదు గనుక మేమే సంతకం చేసితిమి అని. అక్కడక్కడ మాత్రం గుమాస్తా సంతకం పక్కన, కుడినుంచి ఎడమకు, కొంచెం వంకరగా హీబ్రూ అక్షరాలలో ఒక పేరు కనిపిస్తుంది. రాయడం రాదన్న వాక్యానికి అర్థం చాలాసార్లు, గుమాస్తాకు తెలిసిన లిపిలో రాదని మాత్రమే.