చాటువు: మెప్పు మాట నుంచి చురక దాకా

చాటువు అంటే సందర్భానికి తగ్గట్టు అప్పటికప్పుడు పుట్టి, నోటినోటా బతికే చమత్కార పద్యం. అలా వ్యాపించేది కాబట్టి చాటింపులాగే ఇదీ ‘చాటు’ అనే తెలుగు క్రియ నుంచి వచ్చిందనుకోవడం సహజం. ఊహ అందమైనదే, కానీ మాట రూపం ఒప్పుకోదు. గురు గురువైనట్టు, హేతు హేతువైనట్టు, సంస్కృతంలోని చాటు శబ్దమే మన నోట చాటువైంది. అక్కడ దానికి ఇంపైన మాట, ముఖస్తుతి అని అర్థం. పొగిడి పబ్బం గడుపుకునేవాణ్ణి చాటుకారుడు అనడం అందుకే.

అలాగైతే తిట్టు పద్యాలు కూడా చాటువులెలా అయ్యాయి? శ్రీనాథుడి పేరుమీద చెప్పుకునే పల్నాటి చాటువుల్లో పొగడ్త కన్నా జొన్నన్నం మీద విసుగే ఎక్కువ కదా! నా ఉద్దేశంలో ఇంపు అలాగే ఉంది, దాన్ని అందుకునేవాళ్లు మారారు. మొదట ప్రభువును మెప్పించిన మాట తర్వాత వినేవాళ్లందరినీ మెప్పించే మాటైంది. చురక తగిలినవాడు తప్ప మిగతా సభంతా ఆనందిస్తుంది. ఆ ఆనందం కోసమే జనం వాటిని గుర్తుపెట్టుకున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిగా కూర్చే నాటికి పొగడ్త, తిట్టు, శృంగారం, ఆకలి అన్నీ ఆ ఒక్క పేరు కిందే చేరి ఉన్నాయి.